మాబున్నీసా సీటు

నడికుడి స్టేషను వెనక వీధిలో పరుపులు కుట్టే మాబున్నీసా మక్కాకు, ఉమ్రా యాత్రకు పోతోందన్న కబురు, ఆమె నోటితో చెప్పకముందే ఊళ్ళో పాకింది. కూతురు ఫర్హీన్ సౌదీలో నర్సు కదా, విమానాల్లో తిరిగినందుకు కంపెనీవాళ్ళు పాయింట్లు ఇస్తారట, ఆ పాయింట్లతో తల్లికి ఊరికే టికెట్టు తీసిందట అని టీకొట్టు దగ్గర ఒకరికొకరు చెప్పుకున్నారు.

ఊరికే వచ్చిందన్న మాట ఫర్హీన్ చెవిన పడితే నవ్వేదో ఏడ్చేదో తెలియదు. ఆ పాయింట్లు ఎక్కడినుంచి వచ్చాయో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఆమెను మాచర్ల బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు నడిపే అమ్జద్‌కు ఇచ్చారు. అప్పటికి అది పేరుకే కొట్టు. ఒక అద్దాల బల్ల, నాలుగు పాత ఫోన్లు. కూతురు అఫ్రీన్ పాకుతున్న రోజుల్లో ఫర్హీన్‌కు దమ్మామ్‌లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళు చేసి వచ్చేయ్ అన్నాడు అమ్జద్. రెండేళ్ళు నాలుగయ్యాయి, నాలుగు ఏడయ్యాయి. కొట్టుకు షట్టరు వచ్చింది, ఏసీ వచ్చింది, ఇంటిమీద ఇంకో అంతస్తు లేచింది. ఏడాదికోసారి నెల సెలవు. టికెట్టు ఆసుపత్రిదే. వచ్చేటప్పుడు కొన్ని పాయింట్లు, పోయేటప్పుడు కొన్ని పాయింట్లు పడేవి.

మొదటిసారి సెలవు అయిపోయి తిరిగి పోయేనాడు అఫ్రీన్ తల్లి చున్నీ పట్టుకుని వదల్లేదు. అత్త మెహరున్నీసా ఆ పసివేళ్ళను ఒక్కొక్కటే విడదీసి, బిడ్డను చంకనేసుకుని లోపలికి పోయింది. తర్వాతి ఏడు పిల్ల ఏడ్చింది గానీ చున్నీ పట్టుకోలేదు. ఆ పై ఏడు నాన్నమ్మ చంకలోంచే నవ్వుతూ చెయ్యూపింది. దమ్మామ్ చేరిన ఒకటి రెండు రోజులకు ఫోనులో టింగుమని వచ్చేది, మీ ఖాతాలో ఇన్ని పాయింట్లు చేరాయని. బిడ్డను వదిలిపెట్టిన ప్రతిసారీ ఇస్తున్న కూలిలా ఉండేది ఆమెకు ఆ మెసేజీ.

ఆ ఖాతా అయినా ఆమె ఒక్కదానిది కాదు. మొదటి సెలవులో అమ్జదే ఫోనులో చూసి చెప్పాడు, ఫ్యామిలీ ఖాతా పెట్టుకుంటే ఇంట్లో అందరి పాయింట్లూ ఒకచోట పడతాయని. ఫ్యామిలీ హెడ్ ఎవరని అడిగిన చోట తన పేరు, తన నెంబరు కొట్టాడు. అమ్జద్ అప్పటికీ ఇప్పటికీ విమానం ఎక్కినవాడు కాదు. ఇంటిపెద్ద అన్న చోట మొగుడి పేరు ఉండటంలో ఫర్హీన్‌కు కూడా వింతేమీ తోచలేదు.

పాయింట్లకు సీటు ఎట్లా దొరుకుతుందో ఆమెకు నేర్పింది వార్డులో తోటి నర్సు లిస్సీ. కొట్టాయం మనిషి. ఆమె తన తల్లిదండ్రులను ఇట్లాగే రెండుసార్లు రప్పించుకుంది. "ప్రతి విమానంలో పాయింట్లకిచ్చే సీట్లు రెండో మూడో ఉంటాయి, అంతే. రంజాన్‌లో చూడకు, సెలవుల్లో చూడకు. ఎవరికీ పనికిరాని రోజుల్లో చూడు. కనపడిందా, ఆలోచించకు, పట్టెయ్" అంది. ఫర్హీన్ డ్యూటీ మధ్య టీ తాగే కాసేపట్లో ఫోను తెరిచి హైదరాబాదు నుంచి మక్కాకు దగ్గరి జిద్దాకు వెతికేది. లేదు, లేదు, లేదు అని వచ్చేది. మూడేళ్ళ గడువు దాటితే పాయింట్లు వాటంతటవే చచ్చిపోతాయి. కిందటి ఏడు కొన్ని అట్లాగే పోయాయి. ఇంకొన్నిటికి గడువు దగ్గరపడుతోంది.

ఒకనాడు మధ్యాహ్నం ఒక సీటు కనిపించింది. పోనూ రానూ రెండూ ఉన్నాయి. ఆమె సెలవు ముగిసి తిరిగి వచ్చే వారమే. ఆసుపత్రి వాళ్ళను బతిమాలి తన టికెట్టు జిద్దాకు మార్పించుకుంటే, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పోవచ్చు. తల్లి పాస్‌పోర్టులో ఉన్నట్టు 'షేక్ మాబున్నీసా' అని కొట్టింది. ఓటీపీ అమ్జద్ ఫోనుకు పోయింది.

ఫోను చేసి అడిగింది.

"ఎవరికి తీస్తన్నావ్?" అన్నాడు అమ్జద్.

"మా అమ్మకి."

అవతల కొట్లో ఎవరో ఛార్జరు ధర అడుగుతున్నారు. వాళ్ళకు ధర చెప్పి, తర్వాత అంకెలు చెప్పాడు.

అమ్మకే ఎందుకన్న ప్రశ్న ఫర్హీన్‌కు అప్పుడు రాలేదు. తండ్రి పోయిన నాటినుంచి మాబున్నీసా దూది ఏకి, పరుపులు కుట్టి, నరసరావుపేటలో కూతుర్ని నర్సింగు చదివించింది. దూది నుసి ఊపిరితిత్తుల్లోకి పోయి చలికాలం వస్తే దగ్గు ఆగదు. కూతురు సంపాదన మొదలుపెట్టాక కూడా పైసా అడగలేదు. అల్లుడి ఇంట్లో మాట వస్తుందని. ఆమె నోరు తెరిచి కోరింది ఒక్కటే. "చచ్చేలోపు ఒక్కసారి కాబా చూపియ్యవే" అని.

ఫర్హీన్ సెలవుకు వచ్చేసరికి మాచర్లలో ఇల్లు ఏదో తేడాగా ఉంది. అమ్జద్ విమానాశ్రయానికి వచ్చాడు, సామాను మోశాడు, దారంతా కొట్టు కబుర్లు చెప్పాడు. టికెట్టు ఊసు మాత్రం ఎత్తలేదు. అత్త మెహరున్నీసా ఎదురొచ్చి తల నిమిరింది గానీ కళ్ళలోకి చూడలేదు.

సాయంత్రం వరండాలో కూర్చుని అఫ్రీన్‌కు జడ వేస్తూ అడిగింది.

"మీ అమ్మ ఎప్పుడు పోతంది?"

"నాతోనే అత్తా. సెలవు అయినాక."

"అదృష్టవంతురాలు. ఒక్క కూతుర్ని కంటే చాలు." దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి ఉండ చుట్టింది. "ఇంకోళ్ళు కన్న బిడ్డను పెంచితే ఏమొస్తది."

"అట్టా అనమాక అత్తా. మళ్ళీ పాయింట్లు కూడగానే నిన్ను తీసుకుపోతా."

"కూడినప్పుడు. నా మోకాళ్ళు అందాకా ఆగుతయ్యో లేదో వాటినే అడుగు."

ఫర్హీన్ తల వంచుకుంది. ఆ మాటలో అబద్ధం లేదు. అఫ్రీన్‌కు డెంగీ వచ్చినప్పుడు ఆసుపత్రి మంచం పక్కన కింద పడుకున్నది ఈ మనిషే. మొదటి పన్ను ఊడితే దాచి ఫోనులో చూపించింది ఈ మనిషే. పిల్లకు నిద్ర వస్తే వెతుక్కునేది ఈ మనిషి ఒడినే. తనకు ఇద్దరు అమ్మలు, చేతిలో ఒక్క సీటు. ఏం చేసినా ఎవరో ఒకరికి అన్యాయమే. అందుకే కన్న మనిషి వైపు మొగ్గింది. ఆ మొగ్గు తప్పని ఆమెకు అనిపించలేదు.

రెండు రోజులాగి నడికుడి పోయింది. అక్కడ మాబున్నీసా ఇంట్లో పండగలా ఉంది. తెల్లబట్టతో తనే రెండు జతలు కుట్టుకుంది. చెప్పులు కొత్తవి. ఉమ్రాకు పోయేవాళ్ళు పోయేముందు అందరినీ మాఫీ అడగాలి కదా, ఆ పనిమీద ఇల్లిల్లూ తిరుగుతోంది. కూతుర్ని చూడగానే, "ఒక్క ఇల్లు మిగిలింది. నువ్వొస్తే కలిసి పోదామని ఆగా" అంది.

ఆ ఇల్లు పక్కింటి అంకమ్మది. మురుగు కాలవ దగ్గర మొదలైన గొడవ గోడ దాకా పెరిగి, ఇద్దరి మధ్యా ఏళ్ళ తరబడి మాటల్లేవు. మాబున్నీసా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి పోకుండా అక్కడే నిలబడింది.

"అక్కా, నేను మక్కాకు పోతన్నా. నోటికొచ్చినట్టు చానా మాటలన్నా నిన్ను. నీ బిడ్డల్ని కూడా అన్నా. మనసులో పెట్టుకోమాక."

అంకమ్మ చేటలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. తల ఎత్తలేదు. ఫర్హీన్‌కు తల్లిని లాక్కుని వెళ్ళిపోదామనిపించింది. ఒక కాయ, ఇంకో కాయ తీశాక అంకమ్మ చేట పక్కన పెట్టి, ఘాటు చేతులను కొంగుకు తుడుచుకుంటూ లేచింది.

"నేను మాత్రం తక్కువన్నానా? రా, లోపలికి రా." ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నాక గొంతు తగ్గించి చెప్పింది. "మీ దేవుడు మా మాట వింటాడో లేదో నాకు తెలవదు. మా కోడలికి రెండుసార్లు కడుపు పోయింది. ఆడ నిలబడి ఒక మాట చెప్పమ్మా."

"చెబుతా అక్కా. అందరికంటే ముందు చెబుతా."

ఆ రోజు మాబున్నీసా ఇంటికి ఎంత తేలిగ్గా నడిచి వచ్చిందో ఫర్హీన్ తర్వాత చాలాసార్లు తలుచుకుంది. అప్పటికి ఆ సీటు రద్దయి పది రోజులు దాటింది.

సంగతి ఆమెకు మాచర్ల తిరిగొచ్చాక తెలిసింది. తల్లికి కిటికీ పక్క సీటు పెడదామని ఫోను తెరిచింది. టికెట్టు నెంబరు కొడితే, ఈ ప్రయాణం రద్దు చేయబడింది అని వచ్చింది. తప్పు కొట్టాననుకుని మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే వచ్చింది. కస్టమర్ కేరుకు ఫోను చేస్తే హిందీలో ఒక అమ్మాయి, ఫ్యామిలీ హెడ్ కోరిక మీద రద్దు చేశామని చెప్పింది. అదే విమానంలో మళ్ళీ సీటు ఇవ్వమంటే, సీట్లు బోలెడు ఉన్నాయి మేడం, డబ్బు కట్టేవాళ్ళకు, పాయింట్లకిచ్చేవి అయిపోయాయి అంది. పాయింట్లు ఎన్ని మిగిలాయంటే, "సారీ మేడం, ఆ వివరాలు హెడ్‌కే చెప్పాలి" అంది.

"అవి నేను తిరిగిన తిరుగుడుకు వచ్చినయ్ అమ్మా."

"అర్థమైంది మేడం. అయినా హెడ్ మాట్లాడాలి."

ఫర్హీన్ చెప్పులేసుకుని బస్టాండు దగ్గరికి నడిచింది. మిట్ట మధ్యాహ్నం. కొట్లో అమ్జద్ ఎవరిదో ఫోనుకు కొత్త గ్లాసు అతికిస్తున్నాడు. భార్య ముఖం చూడగానే అతనికి అర్థమైపోయింది. అయినా పని ఆపలేదు. గ్లాసు కింద చేరిన గాలిబుడగను గోటితో అంచుదాకా నెట్టి, తుడిచి, మనిషిని పంపాక గానీ తలెత్తలేదు.

"ఇంటికి పోయి మాట్లాడదాం."

"ఇక్కడే చెప్పు."

అమ్జద్ షట్టరు సగం దించాడు. "మా అమ్మ అన్నం మానేసి కూర్చుంది. నీ పెళ్ళాం నన్ను ఆయాను చేసిందిరా అంటది. ఎన్ని రోజులు వినను? పేరు మారుద్దామని చూశా. పేరు మార్చటం కుదరదంట, తీసేసి మళ్ళీ తియ్యాలంట. తీసేశా. మళ్ళీ చూస్తే ఆ సీటు లేదు. పక్క వారం లేదు, ఆ పై వారం లేదు."

"పాయింట్లు?"

"సగం కూడా వెనక్కి రాలా. గడువు అయిపోయినయ్ అంట. టికెట్టు తీసినప్పుడు బతికే ఉన్నయ్యి, వెనక్కి వచ్చేసరికి చచ్చినయ్యంట. ఆ లెక్క నాకేం తెలుసు?"

"నాకు తెలుసు. నన్ను ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని."

"అడిగితే ఒప్పుకునేదానివా?"

ఒప్పుకునేది కాదు. అది ఇద్దరికీ తెలుసు.

"మరి నేనొచ్చి ఇన్ని రోజులాయె. నడికుడి పోతన్నా అంటే నువ్వే బస్సెక్కించావు. మా అమ్మ ఇల్లిల్లూ తిరిగి మాఫీ అడుగుతుంటే నేను పక్కన నిలబడ్డా. అప్పుడన్నా నోరు రాలేదా?"

"ఎట్టా చెప్పమంటావ్. మళ్ళీ దొరుకుద్దేమోనని రోజూ చూస్తానే ఉన్నా." అమ్జద్ గొంతులో మొదట భయం ఉంది. అది పోయి విసుగు వచ్చింది. "అయినా అంత దొంగతనం ఏం చేశా? ఖాతాలో హెడ్ నేనేగా. మొగుడూ పెళ్ళాల మధ్య నీవి నావి అని ఏందిది?"

సగం దించిన షట్టరు కిందనుంచి ఎవరో వంగి, రీఛార్జి ఉందా అన్నా అని అడిగారు. ఉంది రమ్మన్నాడు అమ్జద్. ఫర్హీన్ వంగి బయటికి వచ్చేసింది.

ఇంట్లో మెహరున్నీసా సంగతంతా విని నుదురు కొట్టుకుంది. ఆమెకూ అప్పుడే తెలిసింది. "నేను అడిగా. కాదన్ను. నాకూ చూడాలనుంది అన్నా. అంతేగాని ఆమె నోటికాడ ముద్ద లాగి నాకు పెట్టమన్నానా? ఈ ఎదవకి నోరూ లేదు, బుద్దీ లేదు." పైకి చూసి నిట్టూర్చింది. "పోనీలే అమ్మా. పిలుపు రావాలి. ఆయన పిలవందే ఎవరూ ఆ గడప తొక్కలేరు. మీ అమ్మకూ రాలా, నాకూ రాలా."

"మా అమ్మకు వచ్చింది అత్తా. నీ కొడుకు కట్ చేశాడు."

మెహరున్నీసా ముఖం తిప్పుకుంది. ఇన్నేళ్ళలో కోడలు ఆమెకు ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే. దానికే ఆ ఇంట్లో మిగిలిన సెలవంతా బిగుసుకుపోయింది. తప్పు చేసినవాడు మర్నాటినుంచి మామూలుగా అన్నం తిన్నాడు. మాట అన్నదాని కంచం దగ్గరే ఎవరూ కూర్చోలేదు.

డబ్బు పెట్టి టికెట్టు కొందామని చూసింది. రోజులు దగ్గరపడి ధర రెట్టింపయింది. చేతిలో ఉన్నదంతా పై అంతస్తుకు పోసేసింది. ఎవరినైనా అడిగి తెద్దామనుకుంటూనే గురజాల మీదుగా పోయే బస్సెక్కి నడికుడిలో దిగింది. దారిలో ఒక అబద్ధం తయారు చేసుకుంది.

"విమానం వాళ్ళు సీటు రద్దు చేశారమ్మా. వాళ్ళ సిస్టమ్‌లో ఏదో తప్పు."

మాబున్నీసా పరుపు అంచు కుడుతోంది. దబ్బనం మధ్యలో ఆగింది.

"నాదొక్కటే రద్దు చేశారా? నీది ఉందా?"

"ఉంది."

తల్లి ఆమె ముఖం వైపు చాలాసేపు చూసింది. అల్లుడు ఏమన్నా అన్నాడా అని అడగబోయి మానుకుంది. అడిగితే కూతురు చెబుతుంది, చెబితే విన్నదాన్ని మనసులో మోస్తూ రేపు అల్లుడి ముందు కూర్చోవాలి. దబ్బనం మళ్ళీ దించి బలంగా లాగింది.

"డబ్బు సర్దుతానమ్మా. లిస్సీని అడుగుతా."

"వద్దు. అప్పు చేసి పోతే అది ఉమ్రా కాదు." దారం పళ్ళతో కొరికింది. "నువ్వు జిద్దాలోనే దిగుతావుగా. నువ్వు పో. అంకమ్మ మాట చెప్పు. ఊళ్ళో ఇంకా చానామంది చెప్పారు, అవన్నీ చెబుతా, గుర్తు పెట్టుకో."

"నాకు పోవాలని లేదమ్మా. టికెట్టు దమ్మామ్‌కు మార్చుకుంటా."

"మాట ఇచ్చింది నేను. చెప్పలేకపోతే అది నా మెడకు చుట్టుకుంటది."

ఆ సాయంత్రం మాబున్నీసా ఒక్కతే అంకమ్మ ఇంటికి పోయింది. ఫర్హీన్ గోడ ఇవతల నిలబడి వింది. తల్లి చెప్పడం పూర్తయ్యాక అంకమ్మ గొంతు, "పోలేదని మళ్ళీ కాలవ గొడవ మొదలుపెడతావా ఏంది" అని వినిపించింది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు సగంలోనే తల్లి దగ్గులోకి తిరిగింది. అది ఎంతకీ ఆగలేదు.

ఊళ్ళో మిగతావాళ్ళు అంత మంచివాళ్ళు కారు. మాఫీ అడిగించుకున్నవాళ్ళే, ఏం మాబున్నీసా మక్కా ఎంతవరకు వచ్చింది అని పలకరించారు. పాయింట్లతో తీస్తే అంతే, ఊరికే వచ్చింది ఊరికే పోతుంది అన్నారు. ఆమె తెల్లబట్టలు పెట్టె అడుగున పెట్టేసింది.

హైదరాబాదు విమానాశ్రయంలో ఫర్హీన్ సామాను అప్పగించి, తన వంతు పిలుపు కోసం కూర్చుంది. అఫ్రీన్ ఈసారి మాచర్ల ఇంటి గుమ్మం దగ్గరే టాటా చెప్పేసి లోపలికి పరుగెత్తింది, టీవీలో ఏదో వస్తోందని. ఫోను తీసి విమాన కంపెనీ ఖాతా తెరిచింది. ఫ్యామిలీ ఖాతాలోంచి బయటపడే దారి వెతికితే అడుగున దొరికింది. మీరు ఈ ఫ్యామిలీ నుంచి బయటికి రావాలనుకుంటున్నారా అని అడిగింది ఫోను. ఇంతవరకు మీరు చేర్చిన పాయింట్లు ఫ్యామిలీ హెడ్ దగ్గరే ఉండిపోతాయి అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆమె అది రెండుసార్లు చదివింది. పక్క కుర్చీలో ఎవరి తల్లో తస్బీ పూసలు తిప్పుకుంటూ, ఏ గేటు అమ్మా మనది అని అడిగింది. ఆమెకు గేటు చూపించి, తిరిగి ఫోను వైపు చూసి, అవును అన్న చోట నొక్కింది.

విమానంలోనే ఉమ్రా చేస్తానని నీయత్ చేసుకుంది. మక్కా చేరిన మర్నాడు, ఎండ చల్లబడ్డాక, కాబా చుట్టూ తిరిగే జనంలో కలిసింది. తల్లి చెప్పి పంపినవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. అంకమ్మ కోడలి కడుపు ముందు. తర్వాత స్టేషను గేటు దగ్గర టీకొట్టు యల్లమంద కళ్ళు. ఎవరిదో పొలం తగాదా. ఎవరి కొడుక్కో ఉద్యోగం. తల్లి దగ్గు. అఫ్రీన్ చదువు. అత్త మోకాళ్ళు కూడా చెప్పింది, ఎందుకు చెప్పిందో తెలియకుండానే. మొగుడి దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగిపోయింది. ఇక్కడికి వచ్చినవాళ్ళు ఎవరిమీదా ఏదీ పెట్టుకోకూడదు. పెట్టుకోలేదని చెబితే అబద్ధం. ఇంత దూరం వచ్చి ఇక్కడ కూడా అబద్ధం చెప్పలేక, ఆ పేరు వదిలేసి ముందుకు నడిచింది.

ఏడు చుట్ల తవాఫ్ అయ్యాక పై అంతస్తుకు పోయి, అంచు దగ్గర నిలబడి నడికుడికి వీడియో కాల్ చేసింది. మాబున్నీసా దగ్గర మామూలు ఫోనే ఉంది కాబట్టి అంకమ్మ కొడుకు ఫోనుకు చేసింది. తెర మీద ఇద్దరు ఆడవాళ్ళ ముఖాలు ఇరుక్కుని కనిపించాయి.

"ఏదే, ఏదే?"

ఫర్హీన్ ఫోను తిప్పి పట్టుకుంది. మాబున్నీసా కొంగు తలమీదికి లాక్కుంది. నడికుడిలో సిగ్నలు సరిగా లేక బొమ్మ ఆగింది, కదిలింది, మళ్ళీ ఆగింది.

"కనపడిందా అమ్మా?"

"కనపడింది." బొమ్మ ఆగిపోయి ఉండగానే గొంతు వచ్చింది. "నల్లగా కనపడింది. చాలు. అంకమ్మది చెప్పావా?"

"ముందు అదే చెప్పా."

"ఇంక నా పేరు మీద ఏదీ తియ్యమాక. చూశాగా."

"అమ్మా, ఇప్పుడు నా సొంత ఖాతా..."

లైను పోయింది. మళ్ళీ చేద్దామని నొక్కబోతుంటే ఫోను మోగింది. అమ్జద్. ఎత్తకూడదనుకుంది. అఫ్రీన్ కనిపిస్తుందేమోనన్న ఆశతో ఎత్తింది.

"ఫ్యామిలీలోంచి నువ్వు పోయావని ఏదో మెసేజి వచ్చింది, ఏందది?" అన్నాడు. కోపంగా ఏం లేదు. ఫోను తప్పు చేసిందనుకున్నట్టున్నాడు. "మళ్ళీ చేరు. ఈసారి పోయినదానికి కొత్త పాయింట్లు పడాలిగా."

ఫర్హీన్ జవాబు చెప్పేలోపే, "సర్లే, అది తర్వాత. మక్కాలో ఉన్నావుగా. అమ్మ చూస్తానంటంది. కాస్త కెమెరా తిప్పు" అన్నాడు.

తెర మీదికి మెహరున్నీసా ముఖం వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు చికిలించి చూస్తోంది. ఫర్హీన్ ఫోను తిప్పింది. మాచర్ల ఇంట్లో సిగ్నలు బాగుంది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. కాబా, చుట్టూ తిరిగే జనం, దీపాలు అన్నీ శుభ్రంగా పోయాయి అక్కడికి. మెహరున్నీసా రెండు చేతులూ పైకెత్తి, వెక్కి వెక్కి ఏడుస్తూ దువా చేస్తోంది. ఎంతకీ ఆపడం లేదు. నాన్నమ్మా ఏడవమాక, నాన్నమ్మా నేనున్నాగా అని అఫ్రీన్ గొంతు దగ్గరనుంచి వినిపిస్తోంది.

ఫర్హీన్‌కు చెయ్యి లాగింది. కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుని, ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.